చింతచెట్టు దగ్గర మలుపు

ఆ సోమవారం ఉదయం కుళందైసామి వేసుకున్న పథకంలో కష్టమంటూ ఏమీ లేదు. గడ్డం గీసుకోవాలి, ఉతికిన పంచె కట్టుకోవాలి, అరుగు మీద కూర్చుని మదురై నుంచి వచ్చే పెళ్ళివారి కోసం దర్జాగా ఎదురుచూడాలి. కోయంబత్తూరు మిల్లులో నూలు వడికే ఖాతాలో చేరి మేస్త్రీ దాకా ఎదిగినవాడు, దర్జా ఎలా ఒలకబోయాలో అతనికి ఒకరు నేర్పనక్కరలేదు.

వంటింట్లో భార్య పళనియమ్మాళ్ కేసరి కలుపుతోంది. కూతురు రుక్మణి పూలు కడుతూ ఏమీ పట్టనట్టు కూర్చుంది గానీ, కట్టిన పూలే మళ్ళీ విప్పి కడుతోంది. పోయిన నెల అవినాశిలో ఒక పెళ్ళి పంక్తిలో కృష్ణరాజ్ అనే కుర్రవాడు రసం వడ్డించడానికి వచ్చి, ఆమె ముఖం చూస్తూ ఆకు నిండా పోసి, ఆపడం మరచిపోయి ఒడిలోకి కూడా పోశాడు. ఆ చీర రుక్మణి ఇంతవరకూ ఉతకలేదు. ఆ కుర్రవాడే ఇవాళ తండ్రి అయ్యప్పన్‌తో కలిసి పెళ్ళిచూపులకు వస్తున్నాడు.

అయ్యప్పన్ మాత్రం పట్టింపుల మనిషి. రాహుకాలం పుట్టిందంటే గడప తొక్కననీ, ఎంత దూరం వచ్చినా అట్నుంచి అటే వెనక్కి తిరుగుతాననీ అవినాశిలోనే తేల్చి చెప్పాడు.

"ఏనుంగ, వాండ్లకు దోవ బాగా చెప్పినారు గదా?" అని పళనియమ్మాళ్ లోపల్నుంచే మొగుణ్ణి పిలిచి అడిగింది.

"నేను చెప్పినాక తప్పిపోయేవాడు ఇంగ పుట్టలే. పోదనూరులో రైలు దిగి జట్కా పట్టమన్నా. చింతచెట్టు కాడ మలుపు తిరిగి, బందెలదొడ్డి దాటితే, ఇటుకబట్టీకి ఎదురిల్లు అన్నా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏ చింతచెట్టు?" అంటూ పళనియమ్మాళ్ గుమ్మంలోకి వచ్చింది. "కొట్టేసి ఎన్నేండ్లాయె! బందెలదొడ్డిలో టాకీసు కట్టినారు. ఇటుకబట్టీ కాడ యూనియన్ ఆఫీసు ఉండాది. పోయిన వారం ఆ టాకీసులోనే గదా మీరు గురక పెట్టి నిద్రపోయింది!"

కుళందైసామి చేతిలో మంగలికత్తి సగం గడ్డం మీదే నిలిచిపోయింది. అతను అబద్ధం చెప్పలేదు. అతని కళ్ళకు ఊరు ఎన్నడూ మారలేదు, అంతే. టాకీసుకు పోయినా బందెలదొడ్డికి పోయి సినిమా చూసొచ్చానంటాడు. యూనియన్ మీటింగు జరిగితే ఇటుకబట్టీలో జరిగిందంటాడు. మిల్లు లైను ఇళ్ళలో పాతవాళ్ళందరికీ ఆ అలవాటే కాబట్టి అందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు. మదురై వాళ్ళకు ఆ సౌకర్యం లేదని ఇప్పుడు తోచింది.

"నాయనా, వాండ్లు తిరిగి పోతారా?" అంది రుక్మణి.  ఆమె కళ్ళు నిండిపోయాయి.

ఆ కళ్ళు చూశాక అతనికి కాలు నిలవలేదు. "చెట్టు లేకపోతే ఏమి, మనిషిని నిలబెడతా" అని సగం గడ్డంతోనే గొడుగు తీసుకుని బయటపడ్డాడు.

మొదట దొరికినవాడు పక్కింటి కరుప్పన్. ఒకే ఖాతాలో పనిచేసే స్నేహితుడు, ఏం చెప్పినా ఎందుకని అడగని మంచి మనిషి. కుళందైసామి అతన్ని సైకిల్ షాపు ముందుకు లాక్కుపోయి గొడుగు విప్పి చేతికిచ్చాడు.

"ఇప్పుడు నువ్వు చింతచెట్టు."

"నేనా?"

"ఆమా. మదురై వాండ్ల జట్కా కనపడితే 'చింతచెట్టు ఇదే, ఇట్ల తిరగండి' అని గట్టిగా అరువు."

"సెరి అన్నా. చెట్టు బీడీ తాగొచ్చునా?"

"తాగకూడదు! సమ్మందం పోతాది."

చెట్టును అలా నాటేసి కుళందైసామి టాకీసు ముందుకు పోయి, తానే బందెలదొడ్డిగా నిలబడ్డాడు. టికెట్లు ఇచ్చేవాడు బయటికి తొంగిచూసి, మొదటి ఆట సాయంత్రానికని చెప్పాడు. కుళందైసామి మాత్రం రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి అతను చూస్తుండగానే చింతచెట్టు రోడ్డు దాటడం మొదలుపెట్టింది.

పరుగెత్తుకుని పోతే సంగతి తెలిసింది. రేషన్ దుకాణం మూలలో ఇడ్లీలమ్మే కాళియమ్మ కరుప్పన్‌ను పిలిచి, ఎండ లేకుండానే గొడుగెందుకని ఆరా తీసి, చెట్టు సైకిల్ షాపు దగ్గర ఎన్నడూ లేదని తేల్చి, తన పక్కకు రప్పించుకుంది.

"ఆ చెట్టు కిందనే గదా నేను మొదట ఇడ్లీ కడ పెట్టింది! నాకు తెలీదా? ఈడనే ఉండె" అంది కాళియమ్మ.

"లేదవ్వా. సైకిల్ షాపు కాడనే. ఆ చెట్టుకే మా యమ్మ నాకు ఉయ్యాల కట్టింది. నేను నిద్రపోయిన చోటు నాకు తెలీదా?"

"ఉయ్యాల్లో పిల్లోనికి ఏమి తెలుస్తాది? మింటికి చూసుకోని పండుకోని ఉంటివి!"

కరుప్పన్ రోడ్డు నడిమిలో నిలబడి, ఎటు పోవాలో చెబితే అటు పోతానన్నాడు.

సరిగ్గా అప్పుడే మిల్లు సంగు కూసింది. రాత్రి షిఫ్టు వాళ్ళు దూది దుమ్ముతో, నిద్ర కళ్ళతో గేటులోంచి బయటపడ్డారు. ఇంటికి పోయి పడుకోవలసినవాళ్ళు చింతచెట్టు మాట చెవిన పడగానే ఆగిపోయారు. సగంమంది సైకిల్ షాపు పక్షం చేరారు, సగంమంది ఇడ్లీల పక్షం. ఒకడు షిఫ్టు ఎగ్గొట్టి ఆ చెట్టెక్కి దాక్కుంటే చీమలు కుట్టి తనే దూకేసిన సంగతి చెప్పాడు. ఇంకొకడు తన భార్యను మొదటిసారి ఆ చెట్టు కిందే చూశానన్నాడు. ఆమె రాలిన కాయ ఏరుకుంటూ వాణ్ణే దొంగ అనుకుని రాయి విసిరిందట. చెట్టు మీద దయ్యం ఉండేదని ఒక ముసలాయన అంటే, అది దయ్యం కాదు మీ బావమరిది అని మరొకాయన అన్నాడు. రోడ్డంతా నవ్వులు. లేని చెట్టు కింద అంతమంది కూడడం కుళందైసామికి ఎంత సంతోషం కలిగించిందంటే, కరుప్పన్ చేతిలోని గొడుగు లాక్కుని ఇడ్లీ కొట్టు బెంచీని సైకిల్ షాపు ముందుకు ఈడ్పించి, దాని మీదికెక్కాడు.

"చింతచెట్టు ఇదే! ఇదే!" అని కేకలు వేశాడు. ఎవరి కోసం బయల్దేరాడో ఆ క్షణంలో పూర్తిగా మరచిపోయాడు.

గుంపును చూసి యూనియన్ ఆఫీసులోంచి యేసుదాస్ పరుగున వచ్చాడు. అంత జనం తాను పిలవకుండా కూడడం కార్యదర్శిగా అతనికి చిన్నతనంగా తోచింది. అసలు విషయమేమిటో తెలియలేదు, కానీ నాయకుడన్నవాడు తెలియలేదని బయటపడకూడదు.

"తోళర్లే! కామ్రేడ్లే! మన కోరిక ఏమి?" అని చెయ్యెత్తాడు.

"చింతచెట్టు!" అంది గుంపు.

యేసుదాస్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ వెంటనే సర్దుకుని, "మా చింతచెట్టు మాకియ్యి!" అని అందుకున్నాడు. జనానికి అది నచ్చింది. పగటి షిఫ్టుకు వచ్చినవాళ్ళు కూడా లోపలికి పోకుండా గొంతు కలిపారు. కావలివాడు భయపడి గేటు మూసేశాడు. గేటు మూయగానే నిజంగానే సమ్మె అన్నట్టయింది. లోపల్నుంచి ఆఫీసరొకాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి, కమ్మీల సందులోంచి, వాళ్ళు అడిగింది ఇవ్వడానికి యాజమాన్యం ఒప్పుకుందనీ, ఎన్ని చెట్లు కావాలో చెప్పమనీ అడిగాడు.

"ఒకటి" అన్నాడు యేసుదాస్. జీవితంలో అతను గెలిచిన మొదటి కోరిక అదే. ఇంత సులభంగా ఇస్తారని తెలిస్తే బోనసు కూడా కలిపేవాణ్ణని తర్వాత చాలాకాలం బాధపడ్డాడు.

జనం చప్పట్లు కొట్టి పగటివాళ్ళు లోపలికి, రాత్రివాళ్ళు ఇళ్ళకు పోయారు. కాళియమ్మ ఇడ్లీ పాత్రకు మూతపెట్టేసింది.

"ఏమవ్వా, అప్పుడే మూసినావు?" అన్నాడు కుళందైసామి బెంచీ దిగుతూ.

"రాహుకాలం పుట్టె. ఇంగ అమ్మను."

కుళందైసామి ఇంటివైపు పరుగు లంకించుకున్నాడు. దోవ పొడుగునా అతనికి రుక్మణి కళ్ళే కనిపించాయి. లేని చెట్టు కోసం ఊరంతటినీ కూడగట్టి, ఉన్న ఒక్క కూతురి సంబంధం పాడుచేశానని తనను తాను తిట్టుకున్నాడు.

ఇంటి ముందు ఒక జట్కా ఆగి ఉంది. గుర్రం తీరిగ్గా గడ్డి నములుతోంది. లోపల చాప మీద అయ్యప్పన్ రెండో విడత కేసరి తింటున్నాడు. కృష్ణరాజ్ తలుపు వైపు చూస్తూ కాఫీ తన చొక్కా మీదే పోసుకుంటున్నాడు. గోడకానుకుని ఒక ముసలమ్మ నోరారా కబుర్లు చెబుతోంది.

"రండి, రండి" అన్నాడు అయ్యప్పన్. "పిల్లను చూసేసినాము. మాకు సమ్మతం. మా యమ్మ రక్కమ్మాళ్. దోవ చూపించింది ఈమేనే."

"దోవ చెప్పినాయన నువ్వేనా?" అంది ముసలమ్మ. "ఎంత బాగా చెప్పినావు నాయనా! మావానికి తలా తోకా అర్థం గాలే. నాకు చెప్పినాడు, నేరుగా తోడుకోని వచ్చేస్తి. కన్నెపిల్లప్పుడు ఈ మిల్లు కట్టేదానికి నేనూ మన్ను మోస్తి గదా."

"చెట్టు... లేదు గదవ్వా?"

"చెట్టు పోతే మలుపు పోతాదా? కొళాయి పెట్టినారే, ఆడ గదా ఉండె. ఆడనే తిరిగినాము. అవతల దూరంగా ఒకడు బెంచీ మీదికెక్కి, గొడుగు పట్టుకోని, చింతచెట్టు ఇదే అని అరుస్తా ఉండె. పాపం, పిచ్చోడు. వాని మాట ఇని పోయింటే ఈపాటికి కుళ్ళుకాలవలో ఉందుము."

పళనియమ్మాళ్ భర్త చేతిలోకి చూసింది. గొడుగు ఇంకా విప్పే ఉంది. అతను మెల్లగా దాన్ని మూసి తలుపు వెనక్కి నెట్టాడు. ఇంకెవరూ గమనించలేదనుకుంటుండగా గుమ్మంలో కరుప్పన్ ప్రత్యక్షమయ్యాడు.

"అన్నా, చెట్టు ఇంగ ఇంటికి పోవచ్చునా?"

దాచడానికి ఏమీ మిగల్లేదు. కుళందైసామి తల వంచుకుని, "అవ్వా, ఆ పిచ్చోణ్ణి నేనే. మా యమ్మ బంగారమ్మ ఆ చెట్టుకే నాకు ఉయ్యాల కట్టింది. ఆ ఆశతో..." అని నసిగాడు.

రక్కమ్మాళ్ గోడ వదిలి లేచింది. సగం గడ్డం ఉన్న ఆ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "బంగారమ్మ కొడుకువా! ఆ ఉయ్యాల ఊపింది నేనే గదరా! ఎంత ఏడుస్తుంటివి, నా చేతులు పడిపోయె. ఇంతవాడివైనావా!"

ఆ చెట్టుకు వేలాడిన తన ఉయ్యాలను చూసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదేమోనని కుళందైసామికి ఎప్పటినుంచో ఒక దిగులుండేది. అది ఆ చేతుల్లో కరిగిపోయింది. అతను నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. రాహుకాలం దాటాక యేసుదాస్ మిల్లువాళ్ళిచ్చిన చింతమొక్కను కుండీలో పట్టుకుని నాటే చోటు అడగడానికి వస్తే, రక్కమ్మాళ్ అందరినీ వెంటబెట్టుకుపోయి కొళాయి పక్కన గుంత తవ్వించింది. వెనక నడుస్తూ, ఆ రసం చీరే కట్టుకున్న రుక్మణి, కాఫీ చొక్కాతో ఉన్న కృష్ణరాజ్ ఒకరి మరకను ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

జట్కా ఎక్కేముందు అయ్యప్పన్, "నిశ్చయం మదురైలో మా ఇంట్లో పెట్టుకుందాము. దోవ సులువే. రైలు దిగినాక ఒంటెల కొట్టం యాడ అని అడగండి. పాత వంతెన దాటినాక దూదిగోదాము పక్క సందు" అన్నాడు.

కుళందైసామి ఆనందంగా తలూపాడు. పళనియమ్మాళ్ మాత్రం ఒకడుగు ముందుకు వేసింది.

"అన్నా, ఆ ఒంటెల కొట్టం ఇప్పుడు ఉండాదా?"

అయ్యప్పన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "కొట్టం లేదు, ఆడ ఆస్పత్రి కట్టినారు. వంతెన వానకు పోయె. దూదిగోదాము కాలిపోయె. అయినా అందరికీ తెలుసు."

నిశ్చితార్థమూ, పెళ్ళీ రెండూ కోయంబత్తూరులోనే జరిగాయి.