నాలుగో బొంగు

1963లో ఒక ఆదివారం పొద్దున, తాండూరులో బండల వ్యాపారం చేసే మొగులప్ప మొహం కడుక్కోగానే వెదురు బొంగులు జతచేసి కట్టడం మొదలుపెట్టాడు. పక్కింటి కిష్టప్ప రేడియో కొన్న నాటినుంచి అతనికి అన్నం సయించడం లేదు. సాయంత్రమైతే వాడకట్టంతా ఆ ఇంట్లోనే. మొగులప్ప భార్య భీమమ్మ కూడా అక్కడే. పాటలు విని ఊరుకుంటే ఏమో గానీ, కిష్టప్ప ఎంత ఒడుపుగా మర తిప్పుతాడో ఇంటికొచ్చి వర్ణించేది.

అందుకే మొగులప్ప ముందురోజే వికారాబాదు వెళ్లి, కిష్టప్పదానికంటే పెద్ద రేడియో, దానికి తగిలించే గ్రామఫోను కొని రైల్లో తెచ్చాడు. ఒకే మరను ఇటు తిప్పితే రేడియో, అటు తిప్పితే గ్రామఫోను పలుకుతుందని దుకాణదారు రెండుసార్లు చెప్పాడు. మొగులప్ప తలూపాడు గానీ, అతని మనసంతా మాడిపోబోయే కిష్టప్ప మొహం మీదే ఉంది.

కిష్టప్ప మిద్దెమీద రేడియోకు పాటలు అందించే ఏరియల్ తీగ రెండు బొంగుల ఎత్తు. మొగులప్ప మూడు కట్టి మిద్దెమీద నిలబెట్టి, తీగ దించి రేడియోకు తగిలించాడు. గ్రామఫోను కమ్మగా పాడింది. రేడియో మాత్రం లోపల దీపం వెలిగించుకుని మూగగా కూర్చుంది. పక్కింట్లోనుంచి భక్తిగీతాలు వినిపిస్తున్నాయి. మొగులప్పకు అసలు సంగతి అర్థమైపోయింది.

"మనకొచ్చే పాటలన్ని గా కిష్టప్ప తీగనే గుంజుకుంటున్నది. ఇంకో బొంగు కడ్త" అన్నాడు.

"గాలొస్తున్నది, జర ఆగయ్య" అంది భీమమ్మ. కిష్టప్ప మీద జాలితోనే అలా అంటోందని అతనికి తోచింది.

నాలుగో బొంగుతో ఏరియల్ లేచింది, ఊగింది, వెళ్లి కిష్టప్ప ఏరియల్ మీద కూలింది. దాని తీగ లాగిన ఊపుకు, పక్కింటి గూట్లోని రేడియో భక్తిగీతంతో సహా కిందపడి ముక్కలైంది.

కిష్టప్ప వచ్చాడు. వెనకాలే వాడకట్టంతా వచ్చింది. మొగులప్ప తప్పంతా గాలి మీదికి తోయడానికి సిద్ధపడ్డాడు. కిష్టప్ప అతని వైపు చూడనే లేదు. మూగ రేడియో ముందు వంగి, "మర గ్రామఫోన్ దిక్కున్నది మొగులప్పా" అని ఒక్క తిప్పు తిప్పాడు. తీగ ఇంకా కిందే పడి ఉంది. అయినా రేడియో ఖంగున పలికింది.

పగిలిన రేడియో బాగయ్యేదాకా అందరూ ఇక్కడికే రావాలని పెద్దలు తేల్చారు. మొగులప్ప కోరిందీ అదే. సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. కిష్టప్ప చెయ్యి పడితేనే పలికిందని చెప్పుకుంటూ, అతన్నే రేడియో పక్కన కూర్చోబెట్టారు. భీమమ్మ తొలి చాయ్ అతనికే ఇచ్చింది.

సొంత రేడియోలో మొదటి వార్తలను మొగులప్ప వీధిలో నిలబడి విన్నాడు.