లింకన్ నుదుటి గీతలు

మా ఇంట్లో కాపురం చేసేది నేను, మా ఆయన డ్వేన్, తొమ్మిది నెలల మా జూనీ, ఇంకా రెండువేల అయిదొందలమంది లింకన్లు. ఆ లింకన్లందరూ పెన్నీల మీద, అంటే ఒక సెంటు నాణేల మీద ఉంటారు. ఆ పెన్నీలన్నీ నా వంటింటి బల్ల మీద ఉంటాయి.

డ్వేన్ బ్యాంకు నుంచి పెన్నీల పెట్టె తెచ్చి, పొట్లాలు విప్పి, ఒక్కోదాన్నీ భూతద్దం కింద పరామర్శిస్తాడు. టంకశాలవాళ్ల పొరపాటున్న నాణెం దొరకాలట, వాటికి గిరాకీ ఎక్కువట. అందులోనూ అచ్చుగీతలు, అంటే నాణెం ముద్రించే అచ్చులో లోపం వల్ల వచ్చే గీతలు. నాలుగు నెలలుగా దొరికిందల్లా మెడనొప్పి.

"తిండి చల్లారుతోంది" అంటే, "ఈ ఒక్క పొట్లం, వచ్చేస్తున్నా" అంటాడు. ఆ ఒక్క పొట్లం గంటకో పొట్లాన్ని కంటుంది.

నా భయమంతా జూనీ గురించే. దాని కంటికి కనిపించింది నోట్లోకి పోవాల్సిందే. సోమవారం దాని గుప్పిట విప్పితే లింకన్ గారు గడ్డం తడిసి ఉన్నారు. దాని నోరు పదకొండుసార్లు తెరిచి చూశాను. పన్నెండోసారి అదే తెరిచి ఏడ్చింది.

"ఇవి బల్ల మీంచి ఎప్పుడు లేస్తాయి?" అన్నాను.

"ఒక్క అచ్చుగీత దొరకనీ రోసలీ. ఆ రోజే అన్నీ గ్యారేజీకి. ఒట్టు!"

దొరకాలి, అంతేగా! పదో తరగతిలో బడి మానేసినదాన్నే కానీ, గీత గియ్యడానికి చదువెందుకు? మర్నాడు తను పనికెళ్లగానే చేతికందిన పెన్నీ తీసి, పిన్నీసుతో లింకన్ నుదుటి మీద మూడు గీతలు లాగి గుట్టలో కలిపేశాను.

సాయంత్రం ఆ పెన్నీ దగ్గర భూతద్దం ఆగింది.

"ఏమైనా దొరికిందా?" అన్నాను, పాపం ఏమీ తెలియనట్టు.

"మీ అమ్మమ్మ బిస్కెట్ల అచ్చు పట్రా."

పట్టుకొచ్చాను. ఆ చెక్క అచ్చులో శాంతాక్లాజ్ ముక్కు మీద చిన్న పగులుంది.

"దీంతో చేసిన బిస్కెట్ మీద ఈ పగులు ఎలా ఉంటుంది?"

"గట్టులా పైకి లేచి..." అంటూనే నాలుక కరుచుకున్నాను.

"మరి? అచ్చుకి గాటు పడితే నాణేనికి గట్టు లేవాలి. ఇదేమో లోపలికి దిగింది. రాగి పూత లేచిపోయి కింద జింకు తెల్లగా మెరుస్తోంది, అంటే తాజా గీత. పిన్నీసు పని. మూడోది చివర్లో జారింది. అప్పుడు జూనీ ఏడ్చిందా?"

"తుమ్మింది" అన్నాను తల దించుకుని.

నవ్వుతూ పెన్నీని వెనక్కి తిప్పాడు. నవ్వు ఆగిపోయింది. భూతద్దం చొక్కాతో రెండుసార్లు తుడిచాడు.

"రోసలీ, ఇక్కడ గోరు పెట్టు."

పెట్టాను. ఆ వైపు ముద్రించిన లింకన్ స్మారక భవనం స్తంభాల మీదుగా వెంట్రుకంత సన్నటి గట్లు! పైకి లేచి ఉన్నాయి.

"టంకశాలలో ఎవరో అచ్చు తోముతూ గట్టిగా రుద్దేశారు. నాలుగు నెలలు నేను వెతికింది నువ్వు చూడకుండా తీశావు. తీసి, దాని మొహం మీద పిన్నీసు లాగావు!"

తిడతాడనుకున్నాను. "ఏమైనా నీది మంచి హస్తవాసి" అన్నాడంతే. అన్నమాట ప్రకారం పెట్టె మోసుకెళ్లి గ్యారేజీలో పైఅరలో పెట్టాడు. ఖాళీ బల్ల మీద జూనీ చెంచాతో మేళం వాయించింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మూడు రోజులు.

హస్తవాసి అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. శనివారం, ఊరికే చూసొద్దామని గ్యారేజీలోకి వెళ్లాను.

కాసేపటికి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఒక చంకలో జూనీ, ఇంకో చేతిలో గరిటెతో డ్వేన్.

"రోసలీ, మాకరోనీ చల్లారుతోంది."

"ఈ ఒక్క పొట్లం," అన్నాను తల ఎత్తకుండా, "వచ్చేస్తున్నా."