ముందు వరసలో మౌనవ్రతం

ఆ శనివారం పొద్దున కోటేశ్వరరావు గారు చెయ్యవలసిన పని ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం. చెప్పుకోవడానికి తేలికైన పనే. కానీ యాభై ఏళ్లుగా బాపట్లలో ఏ కచేరీ జరిగినా ముందు వరసలో కూర్చుని "భేష్", "అదీ దెబ్బ", "చంపేశావు పో" అని కేకలెయ్యడం అలవాటైన మనిషికి అది ఏకాదశి ఉపవాసం కంటే కష్టం. పోయిన నెల, అమెరికాలో కూతురుండే ఈ పార్సిప్పనీ ఊళ్లోనే, తెలిసినవాళ్ల అమ్మాయి పియానో వాయిస్తుంటే ఈయన పెట్టిన మెచ్చుకోలు కేకకు ఆ పిల్ల హడలిపోయి వాళ్లమ్మ ఒళ్లోకి పరిగెత్తింది. అందుకే కూతురు లలిత ఉప్మా ప్లేటు చేతికిచ్చే ముందే మాట తీసుకుంది.

"ప్రోగ్రామ్ మొత్తం అయ్యేదాకా నోరు తెరవొద్దు నాన్నా. ఎవరు వచ్చి అడిగినా సరే. ప్రామిస్ చెయ్యి."

చేశారు. ఎలక్ట్రిసిటీ బోర్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన ఆయనకు కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పడంలో తప్ప మరెక్కడా మాట తప్పిన చరిత్ర లేదు. భార్య రాధారాణి గారు మాత్రం రానన్నారు. ఇంట్లో ఎవరైనా చెప్పులేసుకుని నడిస్తేనే తనకు తలనొప్పి వస్తుందనీ, బూట్లతో దరువు వింటూ రెండు గంటలు కూర్చోవడం తన వల్ల కాదనీ తేల్చేసి, వంకాయలు తరగడానికి లోపలికి వెళ్లిపోయారు.

లలిత వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. వారాంతాల్లో ఒక టాప్ డాన్స్ కంపెనీలో వాయిస్తుంది. టాప్ డాన్స్ అంటే బూట్ల అడుగున ముందొకటీ వెనకొకటీ లోహపు బిళ్లలు బిగించుకుని, చెక్కనేల మీద కాళ్లతోనే మృదంగం వాయించినట్టు దరువు వెయ్యడం. ఆ కంపెనీలో ఐదుగురు నర్తకులు, ఒక పియానో ఆయన, ఒక డ్రమ్మరు. జనవరిలో ఆ డ్రమ్మరు పార్కింగ్ లాట్‌లో మంచు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అతని బదులు లలిత ఒక చెక్కపెట్టె ఎక్కి కూర్చుని, ఆ పెట్టెనే అరచేతులతో వాయిస్తూ మూడు నెలలుగా నెట్టుకొస్తోంది. వచ్చే వారం అతని కట్టు విప్పుతారు. ఈ రోజు కౌంటీ థియేటర్ నుంచి లూసీ అనే ఆవిడ చూడ్డానికి వస్తోంది. ఆవిడకు నచ్చి వేసవికి ముందు తమ థియేటర్లో ప్రదర్శనలకు అవకాశం ఇస్తే, ఇద్దరినీ ఉంచుకుంటానన్నాడు కంపెనీ నడిపే ఎవాన్. నచ్చకపోతే లలితకు ఇదే ఆఖరు.

ఈ సంగతి కోటేశ్వరరావు గారికి గుండెల్లో ముల్లులా ఉంది. చిన్నప్పుడు లలితకు మృదంగం చెప్పించింది ఆయనే. పదో తరగతి పరీక్షలని దాన్ని అటక మీద పెట్టించిందీ ఆయనే. ఆ పరీక్షలు అయ్యాక ఇంటర్ వచ్చింది, తర్వాత ఎంసెట్, తర్వాత ఇంజనీరింగ్. మృదంగం అటక దిగలేదు. పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బావుండేదని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

లలిత ఆయన్ని స్కూల్ ఆడిటోరియంలో ఆఖరు వరసలో, స్తంభం చాటున కూర్చోబెట్టి స్టేజీ మీదికి వెళ్లింది. రెండు నిమిషాల్లో ఎవాన్ వచ్చి, మా డ్రమ్మరు తండ్రి వెనక కూర్చోవడమేమిటని చెయ్యి పట్టుకుని ముందు వరసకు తీసుకొచ్చేశాడు. లలిత ఎప్పుడో మాటల్లో, మా నాన్న యాభై ఏళ్లుగా తాళాలూ లయలూ వింటున్న మనిషి అని చెప్పి ఉంది. ఎవాన్ దాన్ని మిగతావాళ్లకు చెప్పేటప్పటికి కోటేశ్వరరావు గారు భారతదేశంలో లయకు సుప్రీంకోర్టు అయి కూర్చున్నారు. రెండు సీట్ల అవతల లూసీ నోట్‌బుక్ తెరుచుకుని ఉంది. లలిత ఏమో పియానోకు అవతల ఉంది. పియానో మూత లేపి ఉండటంతో ఆమెకు ముందు వరస కనిపించదు.

మొదట ఎవాన్ ఒక్కడే ఆడాడు. మెల్లగా మొదలుపెట్టి, మడమతో ఒకటీ మునివేళ్లతో రెండూ వేస్తూ అల్లుకుపోతుంటే కోటేశ్వరరావు గారికి మతిపోయింది. ఈ తెల్లబ్బాయి కాళ్లతో జతులు చెబుతున్నాడు. నోరు తెరవకూడదు గనుక ఆనందం వేరే దారులు వెతుక్కుంది. కనుబొమలు ముడిపడ్డాయి, మొహం చేదుమందు మింగినట్టయింది, తల కుడికీ ఎడమకీ ఊగింది. నాలుక అంగిటికి తగిలి "చ్చు, చ్చు" అంది. ఒకచోట ఎవాన్ మరీ కొంటెగా ఒక దెబ్బ ఎగ్గొట్టేసరికి ఆయన తట్టుకోలేక నుదురు కొట్టుకున్నారు.

ఎవాన్ చూశాడు. కాళ్లు తడబడ్డాయి. ఆ అల్లికను మధ్యలోనే తెంపేసి, బడిపిల్లల కవాతులాంటి సాదా అడుగుల్లోకి దిగిపోయాడు. కోటేశ్వరరావు గారికి అర్థం కాలేదు. సమానికి వచ్చే ముందు, సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద దిగబోయే ముందు వదిలేశాడేమిటి? కాలు గానీ బెణికిందా?

తర్వాత జెమీమా అనే నల్లమ్మాయి, వెంట ముగ్గురూ వచ్చారు. జెమీమా నాలుగు దెబ్బల లెక్కలో ఐదు ఐదుగా అడుగులు పేర్చుకుంటూ పోతుంటే ఈయన చెయ్యి దానంతటదే తొడ మీదికి వచ్చి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఒక చరుపు, వేళ్ల లెక్క, ఒక చరుపు, అరచెయ్యి తిప్పి ఒక విసురు. మనకది ఆదితాళం. స్టేజీ మీంచి చూస్తే మాత్రం ఎవరో పెద్దాయన బాధగా తల ఆడిస్తూ, ఇక చాలు, వెనక్కు పొండి అని చేత్తో విసురుతున్నట్టుంది. జెమీమా ఒక అడుగు వెనక్కు వేసింది. ఇంకో విసురుకు ఇంకో అడుగు. నలుగురూ ఆడుతూనే వెనక్కు పోయి పోయి తెరకు ఆనుకున్నారు. ఒకతను తెరలోకి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. ఇంత దూరం నుంచి ఆడటం ఈ దేశపు సంప్రదాయం కాబోలనుకుని కోటేశ్వరరావు గారు మెడ సాచి చూశారు. ఆ చూపు వాళ్లకు ఇంకా భయంకరంగా తోచింది.

విరామంలో లలిత వేడినీళ్లలో చేతులు పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది. జెమీమా ఎర్రబడ్డ కళ్లతో వచ్చి ఆయనకు కాఫీ ఇచ్చింది. ఎవాన్ ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కడ తప్పు పోతోందో దయచేసి చెప్పండని అడిగాడు. తప్పా? ఇంత గొప్పగా ఆడి ఈ వినయమేమిటని ఆయన కరిగిపోయారు. మాట ఇచ్చి ఉన్నారు గనుక పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని, వర్ణించడానికి మాటలు లేవన్నట్టు తల అడ్డంగా ఆడించి, దానికి రెండు "చ్చు"లు జోడించారు. ఎవాన్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

కాసేపటికి తేరుకుని, చివరి అంశమైనా ఉంచమంటారా అని అడిగాడు. చివరిది లలిత వాయించే అంశం. ఉంచక? కోటేశ్వరరావు గారు తలను ఈ భుజం నుంచి ఆ భుజానికి ధారాళంగా ఊపారు. బాపట్లలో ఏ రిక్షా అబ్బాయినడిగినా దాన్ని "సరే" అనే అంటాడు. ఎవాన్ మాత్రం లేచి పియానో ఆయన వైపు తిరిగి క్యాన్సిల్ అన్నాడు.

రైళ్ల పుణ్యమా అని ఆ మాట దెబ్బ కోటేశ్వరరావు గారికి బాగా తెలుసు. ఎవాన్ చొక్కా చెయ్యి పట్టుకుని లాగి, లలిత చెక్కపెట్టెను చూపించి రెండు చేతులూ జోడించారు. మిగిలిన నర్తకుల వైపూ పియానో వైపూ కూడా జోడించారు. వాళ్లందరికీ మా అమ్మాయిని మీ చేతుల్లో పెడుతున్నానని మనవి చేసుకోవడం ఆయన ఉద్దేశం. వాళ్లందరికీ సెలవు ఇప్పించేసి తన కూతుర్ని మాత్రమే వాయించమంటున్నాడని ఎవాన్‌కు అర్థమైంది. పియానోను పక్కకు తోయించాడు. నలుగుర్నీ లోపలికి పంపాడు. పెట్టెను తెచ్చి స్టేజీ ముందంచున, నడిమధ్య పెట్టించాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన లలితతో, మనిద్దరమే, మీ నాన్నగారి కోరిక అన్నాడు. ఆమె అయోమయంగా వెళ్లి కూర్చుంది.

ఈలోపు కోటేశ్వరరావు గారు ఒక సంగతి కనిపెట్టారు. తను కదిలినప్పుడల్లా లూసీ రాయడం ఆపి తన వైపు చూస్తోంది. అదన్నమాట. తన చేతులూ తలా ఆవిడ ధ్యాస చెడగొడుతున్నాయి, ఆటగాళ్లకూ అదే తంటా అయి ఉంటుంది. పిల్ల నోటి దగ్గరి ముద్ద తనే పడగొట్టేలా ఉన్నాననుకున్నారు. వెంటనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, దవడ బిగించి, కరెంటు స్తంభంలా నిటారుగా కూర్చున్నారు. కనురెప్ప కూడా వెయ్యదలుచుకోలేదు.

ఎవాన్ భయం భయంగా మొదలుపెట్టి ఓరకంట చూశాడు. పెద్దాయన బాధపడటం లేదు. తల ఊపడం లేదు. బతికాననుకుని ఎవాన్ విజృంభించాడు. ఇందాక తెంపేసిన అల్లికను మళ్లీ అందుకున్నాడు. తాళం నాలుగు ఆవృతాలు తిరిగేదాకా అతని కాళ్లు, నాలుగు ఆవృతాలు లలిత చేతులు, ప్రశ్నా జవాబూ, ప్రశ్నా జవాబూ. లూసీ కలం పరిగెడుతోంది.

లలిత తలెత్తి చూసింది. ఎదురుగా ముందు వరసలో నాన్న. తాళం లేదు, తల ఊపు లేదు, మొహంలో చలనం లేదు. ఆ మొహం ఆమెకు బాగా తెలుసు. శ్రుతి కలవని గాయకుడు పాడినప్పుడు లేచిపోతే బావుండదని నాన్న అలాగే కూర్చునేవాడు. ఆమె ఎడమ చెయ్యి బరువెక్కింది. ఒక జవాబు ఆలస్యమైంది. తర్వాతిది సగమే వచ్చింది. ఆ తర్వాత చేతులు పెట్టె మీద ఆగిపోయాయి. ఎవాన్ కాళ్లు ఒక్కటే, ఇంటి తాళంచెవి పారేసుకున్నవాడిలా అక్కడక్కడే తిరుగుతూ ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి. లూసీ కలం ఆగింది.

కోటేశ్వరరావు గారికి కూతురి కళ్లు కనిపించాయి. పదో తరగతిలో మృదంగం అటకెక్కిన రోజు కూడా అవే కళ్లు. ఆ రోజు ఆయన పేపరు చదువుకుంటున్నట్టు నటించారు. ఈ రోజు నటించలేకపోయారు. మాట పోతే పోయిందనుకుని తొడల కింది చేతులు లాగి లేచి నిలబడ్డారు.

"అమ్మలూ, సమం ఇదిగో ఇక్కడుంది," అని అరచేతులు ఫెళ్లున చరిచారు. "తక ధిమి తక జొణు, తక ధిమి తక జొణు, పట్టుకో తల్లీ."

పట్టుకుంది. రెండో ఆవృతానికి చేతులు తేలికయ్యాయి, మూడోదానికి ఆమె మొహంలో నవ్వు వచ్చింది. ఎవాన్ మొదట బెదిరినా ఆ చరుపులు తన అడుగుల కిందే పడుతున్నాయని గ్రహించి వాటినెక్కి స్వారీ చేశాడు. కాళ్లూ చేతులూ గొంతూ ముమ్మారు తిరిగి ఒక్క దెబ్బ మీద దిగాయి. తెరచాటు నుంచి నలుగురూ పరిగెత్తుకొచ్చారు. కోటేశ్వరరావు గారు కళ్లనీళ్లతో తల అడ్డంగా ఊపుతూ నిలబడి ఉన్నారు.

లూసీ స్టేజీ ఎక్కింది. మొదటి రెండు అంశాల్లో నర్తకులు ఎవర్ని చూసి పారిపోతున్నారో తనకు బోధపడలేదంది. ఈ చివరిది మాత్రం కావాలి, మేలో మూడు ప్రదర్శనలు, పెట్టె మీద ఈ అమ్మాయే ఉండాలి అంది. ఎవాన్ లలిత భుజం పట్టుకుని, డ్రమ్మరు వచ్చినా నువ్వెక్కడికీ పోవడం లేదన్నాడు. లలిత కిందికి దిగి వచ్చి తండ్రి పక్క సీట్లో కూలబడింది.

"అలా బొమ్మలా కూర్చున్నావేంటి నాన్నా? అంత దరిద్రంగా వాయిస్తున్నానా అనుకున్నా. చేతులు ఫ్రీజ్ అయిపోయాయి."

"నువ్వు నన్ను చూస్తావనుకోలేదమ్మా," అన్నారాయన. "ఆవిడ చూస్తోంది గదా అని."

"నేను చిన్నప్పట్నుంచీ నిన్ను చూసే వాయిస్తున్నా."

ఆయన కండువాతో ముక్కు తుడుచుకున్నారు. ఆ తర్వాతే అసలు సంగతి బయటపడింది. తల అడ్డంగా ఊపితే మెచ్చుకోవడమనీ, "చ్చు" అంటే ఇంకా మెచ్చుకోవడమనీ, నుదురు కొట్టుకుంటే ఇక అంతకు మించి బిరుదు లేదనీ లలిత వివరించింది. జెమీమా నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ఎవాన్ నవ్వలేకా ఏడవలేకా చేతులు కట్టుకుని, ఇప్పుడు నోరు విప్పారు గనుక మా ఆట ఎలా ఉందో మాటల్లో వినాలని ఉందన్నాడు. అందరూ చుట్టూ చేరారు.

కోటేశ్వరరావు గారు గొంతు సవరించుకుని, ప్రేమగా చిరునవ్వు నవ్వుతూ పదకొండు తప్పులు చెప్పారు, అందులో ఏడు లలితవి.