గంటలు విప్పిన మంద

ఆ శుక్రవారం పొద్దున్నే కాటమయ్య ఒక నిర్ణయానికొచ్చాడు. సాయంత్రం దాకా ఇంట్లో చీమ చిటుక్కుమనడానికి వీల్లేదు. కూతురు నాగలత రెండోసారి ఎంసెట్‌కు చదువుతోంది. ప్రొద్దుటూరు కోచింగ్‌లో ప్రతి ఆదివారం పెట్టే పరీక్షలో ఆరు వారాలుగా ఆమెకు నూటనాలుగు మార్కులే. ఒకటి పెరగదు, ఒకటి తరగదు. వ్యవసాయ డిగ్రీలో సీటు రావాలంటే ఇంకో పదిహేను కావాలి. "ఈ ఆదివారమూ కదలకపోతే పుస్తకాలు కట్టిపెట్టి గొర్రెల ఎనక పోతా నాయనా," అని నిన్న కంచం ముందు కూర్చుని ఏడ్చింది. గొర్రెల వెనక నడక ఎంత కష్టమో కాటమయ్య కాళ్లకు తెలుసు.

ముందు కోడిపుంజును గంప కింద మూసి పైన దుప్పటి కప్పాడు. భార్య సుంకులమ్మను రోలు ముట్టనివ్వలేదు. పక్కింటి హసీనాను కుట్టుమిషన్ ఆపమని గోడమీంచి సైగ చేశాడు. అప్పటికీ తనివి తీరక, దొడ్లోకి పోయి మంద మెడగంటలన్నీ విప్పేశాడు. ముప్పై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్నవాడు చేయకూడని పని అది.

ఇల్లు మూగబోయేసరికి కొండాపురం కొత్తకాలనీకి అనుమానం వచ్చింది. హసీనా జావగిన్నెతో వచ్చి, "ఎవురికి బాగలేదు కాటమయ్యన్నా?" అని గుసగుసగా అడిగింది. ఆమె వెనకే ఎదురింటి నిర్మలమ్మ వచ్చింది. కాసేపట్లో వాకిలి నిండింది.

"ఎవురికీ ఏం కాలేదక్కా, పాప సదువుకుంటాంది," అని ఆయన ఒక్కొక్కరి చెవిలో చెప్పాడు.

"పాపం, బయటికి సెప్పుకోలేకుండాడు," అని నిర్మలమ్మ కళ్లొత్తుకుంది.

ఇంతలో రహమతుల్లా రొప్పుతూ వచ్చాడు. "కాటమయ్య మామా! నీ గొర్రెలు నా కర్బూజ తోటలో విందు సేసుకుంటాండాయి! ఒక్క గంటా ఇనపళ్లేదే!"

దడి తోసుకుని మంద ఎప్పుడు వెళ్లిందో ఎవరికీ వినిపించలేదు. నాగలత పుస్తకం విసిరేసి అందరికంటే ముందు పరుగెత్తింది.

తోలుకొచ్చి గట్టుమీద నిలబెట్టాక లెక్కపెట్టింది. నలభై మూడుకు ముప్పై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే. మూడోసారి మొదలుపెట్టబోతే తండ్రి ఆపాడు.

"ఉండేటివి ఎన్నితూర్లు లెక్కబెడతావు పాపా? లేంది ఏదో సూడు. నల్లమొగంది లేదు, కుంటిది లేదు, పొట్టిచెవులదీ దాని పిల్లా లేవు. కుంటిది శానా దూరం పోదు. నల్లమొగంది నీళ్లకాడుంటాది."

కాటమయ్య ఏనాడూ మందను లెక్కపెట్టలేదు, మొహాలే చూశాడు. పది నిమిషాల్లో నాలుగూ దొరికాయి.

నాగలత గట్టుమీదే కూలబడింది. ఆరు వారాలుగా తాను చేసిందీ ఇదే. వచ్చిన పాఠాలే మళ్లీ చదివి మురిసిపోవడం, తప్పుపోయిన ప్రశ్నల మొహం చూడ్డానికి భయపడడం.

"నాయనా, నాకు తప్పిపోయేటివి యావో నేనెప్పుడూ సూళ్లేదు."

ఆయనకు సగమే అర్థమైంది. అయినా తల నిమిరాడు. "యాడికి పోతాయి తల్లీ, దొరుకుతాయిలే."

రహమతుల్లా నలిగిన తీగలు చూసి నిట్టూర్చాడు. "తిన్నెవి తిన్న్యాయిలే మామా. పాపకు సీటొస్తే ముందుగాల నా తోటకే మందు సెప్పల్ల."

రెండు రోజులు నాగలత పాత ప్రశ్నపత్రాల్లో తప్పులే వెతికింది. పక్కన మిషన్ మోగింది, రోలు మోగింది, కోడి కూసింది. ఆదివారం నూటపదకొండు వచ్చాయి. నాన్నను పట్టుకుని మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

కాలనీ ఆ ఘనత హసీనా జావకిచ్చింది. కాటమయ్య ఒప్పుకోలేదు. మందకు గంటలు తిరిగి కట్టిన వారమే మార్కులు పెరిగాయన్నది ఆయన లెక్క. ఇంకా ఎనిమిది తక్కువని తెలిసి, ఆ సాయంత్రమే జమ్మలమడుగు పోయి మరో ఎనిమిది గంటలు కొనుక్కొచ్చాడు.