బావగారి నాణ్యమైన నిశ్శబ్దం

మా బావగారు ఇంట్లో రికార్డింగ్ స్టూడియో స్థాపించారని ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేయడమైనది. పాడేది మా అక్క. ఎవరో సంగీత దర్శకుడు ఆమె గొంతు విని, సినిమాలో పాట ఇస్తాను, నెలాఖరులోగా ఇంట్లోనే పాడి పంపమన్నాడు. పెళ్లయ్యాక అక్కకు వచ్చిన మొదటి అవకాశం అది. ఆ రోజు అక్క ముఖం చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

పడకగది ఖాళీ చేశారు. మంచం వంటింట్లోకి పోయింది, పరుపులు గోడలెక్కాయి. ఇక పాటను కంప్యూటర్లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. అది ఆషామాషీ వ్యవహారం కాదని బావగారు ఎంపిక సంఘం వేశారు. అధ్యక్షులు ఆయనే. ఎదురింటి పళ్ల డాక్టరు, పై అంతస్తు బీమా ఏజెంటు సభ్యులు. ముగ్గురికీ సంగీతంతో ఏ సంబంధమూ లేదు గనుక పక్షపాతానికి తావు లేకపోయింది.

తొలి సమావేశంలో బావగారు ప్రసంగించారు. "పాటతో పరీక్షిస్తే బాగున్నది పాటో సాఫ్ట్‌వేరో తేలదు. కాబట్టి ముందు నిశ్శబ్దాన్ని రికార్డు చేద్దాం. నిశ్శబ్దాన్ని చెడగొట్టనిదే మంచి సాఫ్ట్‌వేర్." సంఘం చప్పట్లు కొట్టబోయి, మైకు ఆన్‌లో ఉందని గుర్తొచ్చి విరమించుకుంది.

అప్పట్నుంచి ఇంట్లో ఫ్యాను ఆగింది. కుక్కర్ విజిల్ నిషేధించారు. అక్క స్నానాల గదిలో కూనిరాగం తీస్తే బావగారు తలుపు దగ్గర నిలబడి, "నీ కోసమే కదా ఈ తిప్పలన్నీ, కాస్త సహకరించు," అని బతిమాలారు. అక్క సహకరించింది. గాయని లేని నిశ్శబ్దం చెల్లదని బీమా ఏజెంటు అభ్యంతరం లేవదీయడంతో, సాధన మానేసి రోజూ మైకు ముందు నోరు మూసుకుని నిలబడింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నిశ్శబ్దం పలచగా ఉందని, ఆ సాఫ్ట్‌వేర్‌లో వెచ్చగా ఉందని పళ్ల డాక్టరు కళ్లు మూసుకుని తీర్పులిచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏదో ఒకటి తీసుకుని పాడించెయ్యరాదా బావగారూ?" అన్నాను.

"తొందరపడితే నాణ్యత ఉండదయ్యా," అన్నారు.

నెలాఖరు వచ్చింది. పాట లేదు. మాట పోకూడదని బావగారు ఉన్నవాటిలో మేలైన నిశ్శబ్దాన్ని పంపించారు. సంగీత దర్శకుడు విని కంటతడి పెట్టుకున్నాడట. పాట స్థానంలో అదే పెట్టేశారు. సినిమా విడుదలయ్యాక మొన్న హాల్లో చూశాం. నాయిక కొండ అంచున ఊరికే నిలబడితే జనం ముక్కులు చీదుకుంటున్నారు. గాయనిగా అక్క పేరు కూడా వేశారు. "నాకు పాడాలని ఉండేదిరా," అంది అక్క నా చెవిలో. వెనక సీటాయన "ష్, నిశ్శబ్దం వస్తోంది," అని కసిరాడు.

ఇప్పుడు మా ఇంటి ఫోనుకు తీరిక లేదు. అభినందించే ప్రతివాడూ ఏ సాఫ్ట్‌వేర్ వాడారని ఆరా తీస్తున్నాడు. బావగారు ఓపిగ్గా వివరిస్తున్నారు. ఆవిడ ఎలా పాడుతుంది, ఒక్కసారి వినిపించండి అన్నవాడు ఇంతవరకూ లేడు. మీరైనా అడుగుతారేమోనని మొదటి వాక్యం నుంచీ చూస్తున్నాను.