ఎనిమిది వందల అరవై ఏళ్ల హైస్కూలు

మా లింగ్‌షి హైస్కూలు వయసు ఎనిమిది వందల అరవై ఏళ్లని ప్రిన్సిపల్ మౌ గారు సోమవారం జెండా వందనం దగ్గర ప్రకటించారు. శుక్రవారం దాకా అది అరవై ఆరే. పక్క జిల్లా బడి తనకు ఎనిమిది వందలని చెప్పుకోవడంతో, పాపం, ఆయన రెండు రోజులు నిద్రాహారాలు మాని పరిశోధించారు. చైనాను సుంగ్ రాజులు ఏలిన కాలంలో ఒక మహాపండితుడు ఈ దారిన పోతూ ఇక్కడ టీ తాగాడట. తాగినవాడు పాఠం చెప్పకుండా పోతాడా?

'సంప్రదాయ సంస్కృతి ఆదర్శ పాఠశాల' బిరుదు కోసం తనిఖీ రాబోతోంది. నేను కుంచెరాత మాస్టారిని, బడి చరిత్ర సంఘానికి కార్యదర్శిని. పండితుడి శాసనం నేను రాసిస్తే, రాళ్ల ఫ్యాక్టరీవాళ్లు చెక్కి, టీ నీళ్లూ వెనిగరూ పోసి దానికి వయసు తెప్పించారు.

అది దిగిన రోజే మెస్ వంటాయన క్వాంగ్ తాత వచ్చాడు. డెబ్బై అయిదేళ్లవాడు.

"కొత్త రాయెందుకు సారూ? నా పిండిబండ తిప్పి చూడండి."

తిప్పాం. అడుగున అక్షరాలు. రాజరికం పోయి గణతంత్రం వచ్చిన మొదటి ఏడు ఈ ఊరి పట్టునేతగాళ్లు కూలిలో మిగిల్చి, పిల్లల కోసం ఈ బడి కట్టుకున్నారని, వంద మంది పేర్లతో సహా ఉంది. సాంస్కృతిక విప్లవమంటూ పాతవన్నీ పగలగొట్టిన రోజుల్లో, పదిహేడేళ్ల క్వాంగ్ దాన్ని బోర్లేసి పైన రొట్టెల పిండి పిసికాడు. అప్పటినుంచి పిసుకుతూనే ఉన్నాడు.

నాకు కళ్లు చెమర్చాయి. ప్రిన్సిపల్ గారికి ఒళ్లంతా చెమర్చింది.

"ఇది బయటపడితే మన వయసు నూట పన్నెండే!"

"అది నిజమేగా సారూ?"

"నిజమే తాతా, అదే వచ్చిన చిక్కు."

"అప్పుడేమో పాతదని పగలగొట్టబోయారు. ఇప్పుడేం పాపం చేసింది?"

"పాతదనం చాల్లేదు."

"మా తాత పేరుందయ్యా అందులో!"

ఆయన తాత పేరు కోసం ఏడున్నర శతాబ్దాలు వదులుకోవడం ఏ ప్రిన్సిపల్‌కైనా కష్టమే. మర్నాడు పిండిబండ మీద పడే సుత్తి దెబ్బలు వినపడకుండా, పట్టు అంగీలు తొడిగిన పిల్లల చేత పెద్దల్ని గౌరవించే పాఠం గట్టిగా చదివించాం. ముక్కలు కొత్త శాసనం పునాదిలో వేశాం.

గురువారం తనిఖీకి వచ్చిన షీ మేడమ్ శాసనం చుట్టూ తిరిగి ఆవలించారు.

"ఈ నెల్లో ఇది పదకొండో సుంగ్ రాయి. ఒక్క మనిషి ఇన్ని ఊళ్లలో టీ ఎలా తాగాడండీ? వందేళ్లదైనా సరే, అసలుది లేదా? ఇప్పుడు రూలు అదే."

ప్రిన్సిపల్ గారు రెప్ప వాల్చలేదు. "ఉంది మేడమ్. శుభ్రం చేయడానికి పంపాం. సోమవారానికి వచ్చేస్తుంది."

ఆమె కారు గేటు దాటగానే ఫ్యాక్టరీకి ఫోన్ వెళ్లింది. ఆ వంద పేర్లూ చెప్పించుకు రమ్మని నన్ను మెస్సుకు పంపారు. క్వాంగ్ తాతకు అవన్నీ కంఠతా వచ్చు. చెక్కపలక మీద పిండి పిసుకుతున్నవాడు తలెత్తలేదు.

"గుర్తులేవు సారూ," అన్నాడు.

వెనక్కొచ్చి, వంద పేర్లూ నేనే కల్పించి రాశాను. మొదటిది ప్రిన్సిపల్ గారి తాతగారిది.