మూగబొమ్మలో మాటలు

శనివారం పొద్దున ఒలెగారియో వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కొబ్బరి పెట్టిన తాపియోకా అట్టు తినాలి. గడ్డం గీయించుకుని, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, సాయంత్రం తెల్లసూటు వేసుకుని ఎస్మెరాల్దా సినిమా హాలుకు వెళ్లాలి. తన బొమ్మ చూస్తూ రెసీఫె ఊరి జనం కన్నీళ్లు తుడుచుకుంటుంటే వెనకాల నిలబడి తనివితీరా చూడాలి.

అది అతను తీసిన మూడో బొమ్మ. మొదటిది, నది పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు రీళ్లన్నీ తడిసి జిగురు ముద్దయిపోయింది. రెండోది ఆడిన మొదటి సాయంత్రమే యంత్రం గదిలో అంటుకుని కాలిపోయింది. "నీళ్లయ్యాయి, నిప్పయింది, ఇక గాలి మిగిలింది" అనేవాడు కెమెరా తిప్పే జెఫెరీనో. ఈసారీ దెబ్బతింటే సినిమాలకో దణ్ణం పెట్టి బావమరిది గుండీల కొట్లో కూర్చుంటానని ఒలెగారియో భార్య యుడోక్సియాకు మాటిచ్చి ఉన్నాడు. ఆ కొట్టు తలుపు తలుచుకుంటేనే అతనికి ఊపిరాడేది కాదు.

ఈ 'చెరకుతోట శపథం'లో కథ, దర్శకత్వం, కథానాయకుడి వేషం అన్నీ అతనివే. తల్లి వేషానికి ఎవరూ దొరక్క సొంత అత్తగారు పెర్పెతువాను మంచమెక్కించాడు. జడ్జి వేషం మాత్రం హాలు యజమాని అనాక్లేతో పట్టుబట్టి వేశాడు. వేషం ఇస్తేనే బొమ్మ ఆడిస్తానన్నాడు మరి.

ఆ అనాక్లేతోయే, అట్టు సగంలో ఉండగా, చేతికర్ర ఊపుకుంటూ లోపలికొచ్చాడు.

"హీరోగారూ, తినడం ఆపి శుభవార్త వినవయ్యా! ఇవాళ మన బొమ్మకి ప్రత్యేక అతిథులొస్తున్నారు. వంతెన అవతల బధిర పాఠశాల లేదూ? ఆ పిల్లలందరికీ ముందు వరస ఇచ్చేశాను. పేపర్లో నా ఫోటో ఖాయం."

"మంచి పని చేశారన్నయ్యగారూ," అంది యుడోక్సియా కాఫీ పోస్తూ. "ఎలాగూ మాట లేని బొమ్మే కదా. వాళ్లకీ మనకీ తేడా ఏముంది?"

"తేడా లేకపోవడమేంటమ్మా! మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుస్తుందిట. పెదవులు చూసి ఎవరేమంటున్నారో చదివేస్తారట! వాళ్ల పంతులమ్మే చెప్పింది."

అట్టుముక్క ఒలెగారియో గొంతుకి అడ్డం పడింది. యుడోక్సియా వీపు మీద నాలుగు దరువులు వేస్తే గాని దిగలేదు.

ఆ రోజుల్లో కెమెరా ముందు నటులు ఏం మాట్లాడినా అడిగేవాడు లేడు. పెదవులు కదిలితే చాలు. ఆ తర్వాత తెర మీద అక్షరాల పలక వచ్చి, "అమ్మా! నన్ను అనాథను చేసి వెళ్లిపోయావా!" అని ప్రకటించేది. కాని ఆ పలక రాకముందు, చెవుల్లో దూదితో శవంగా పడుకున్న అత్తగారు తుమ్మి తుమ్మి ఫిలిం పాడుచేస్తుంటే, ఒలెగారియో మోకాళ్ల మీద పడి కన్నీళ్లు కారుస్తూ నిజంగా అన్న మాట వేరు. "కదిలావంటే చూడు, ముసలి గుమ్మడికాయా! ఇంకొక్కసారి తుమ్మావంటే నిజంగానే పాతిపెట్టేస్తా!" కోర్టు దృశ్యంలో, అనాక్లేతో లేనప్పుడు జడ్జిగారి ఖాళీ కుర్చీకి చేతులు జోడించి అన్నది ఇంకా ఘోరం. కథానాయిక ఇదలీనాతో చెట్టు కింద గుసగుసలాడిన ప్రేమ మాటలు కూడా బయట చెప్పుకోదగ్గవి కావు. వీటన్నిటినీ జెఫెరీనో దగ్గరగా, పెద్దగా, స్పష్టంగా తీశాడు. ముఖాలు దగ్గరగా తీయడం అతనికి వ్యసనం.

గడ్డం సంగతి మరిచిపోయి ఒలెగారియో జెఫెరీనో ఇంటికి పరిగెత్తాడు.

"పెదాలు కదిలిన చోటల్లా కత్తిరించెయ్యరా!"

జెఫెరీనో తాపీగా కటకం తుడుచుకుంటూ ఆలోచించాడు. "కత్తిరిస్తే సముద్రం మిగుల్తుంది. చెరకుతోట మిగుల్తుంది. గాడిద మిగుల్తుంది. నిజం చెప్పొద్దూ, అందరికంటే గాడిదే బాగా చేసింది. అయినా రీళ్లు నా దగ్గరెక్కడివి? అనాక్లేతోగారి యంత్రం గదిలో ఉన్నాయి."

బొమ్మను ఆపలేకపోతే కనీసం అత్తగారినైనా ఆపాలనుకున్నాడు ఒలెగారియో. ఆవిడ కొత్త నల్ల గౌను ఒంటికి ఆనించుకుని, అద్దం ముందు చచ్చిపోవడం అభ్యాసం చేస్తోంది.

"అత్తయ్యా, ఇవాళ హాల్లో ఉక్కగా ఉంటుంది. మీ గుండెకి అంత మంచిది కాదేమో..."

ఆవిడ అద్దంలోంచే చూసింది. "నా గుండెకేమైంది?"

"ఏం కాలేదు."

"డాక్టర్ నీతో ఏమన్నాడు?"

"ఏమీ అనలేదత్తయ్యా! నేనసలు డాక్టర్ని చూడనేలేదు!"

"ఇంత గట్టిగా అరుస్తున్నావంటే నాకు రోజులు దగ్గర పడ్డాయన్నమాట." పెర్పెతువా మంచం మీద కూలబడి శిలువ గుర్తు వేసుకుంది. "అయితే తప్పకుండా రావాలి. పోయేలోగా నా చావు నేను చూసుకోవాలి. ఫాదర్ గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఏ క్షణాన ఏమవుతుందో!"

అత్తగారొక్కతే వచ్చే చోట ఇప్పుడు చర్చి కూడా వస్తోంది. ఒలెగారియో టోపీ అందుకుని బయటపడ్డాడు. ఇక మిగిలిన దారి పాఠశాలే. వంతెన దాటి, రొప్పుతూ వెళ్లి పంతులమ్మ క్లోతిల్దే ముందు నిలబడ్డాడు. ఆవిడ పక్కనే లియోపోల్దీనా అని పెద్ద తరగతి అమ్మాయి నిలబడి, కళ్లార్పకుండా అతని నోటివంకే చూస్తోంది.

"అమ్మా, మీ పిల్లలకి ఈ బొమ్మ తగదేమోనని..."

"ఎందుకు తగదు?"

"అందులో... మాటలున్నాయి."

"మూగబొమ్మలోనా?"

ఆ అమ్మాయి చూపుకి తట్టుకోలేక ఒలెగారియో టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "అది కాదమ్మా, నా ఉద్దేశం..." అన్నాడు టోపీలోంచి.

ఆ బడిలో నోరు దాచుకుని మాట్లాడటాన్ని మించిన అవమానం లేదు. లియోపోల్దీనా ముఖం ఎర్రబడింది. క్లోతిల్దే లేచి నిలబడింది.

"అర్థమైందండీ. మా పిల్లలు ముందు వరసలో కూర్చుంటే మీ హాలు మర్యాద పోతుంది. మీ మాటలు వాళ్లు చూడకూడదు. అంతేనా?"

"అయ్యో, అయ్యో దేవుడా, కాదమ్మా!"

"వస్తాం. బడి మొత్తం వస్తాం. మీరన్న ప్రతి మాటా మా లియోపోల్దీనా చదువుతుంది, నేను పైకి చెప్తాను. ఎవరికేం తక్కువో ఊరంతా చూస్తుంది. ఇప్పుడే అనాక్లేతోగారికి కబురు పంపుతున్నాను. వెళ్లి రండి."

ఆ కబురు కంటే ముందు తను చేరాలని ఒలెగారియో పరిగెత్తాడు గాని, వంతెన మీద ట్రాము అడ్డం వచ్చింది. అతను హాలుకు చేరేసరికి అనాక్లేతో ఆనందంతో గంతులేస్తున్నాడు.

"ఏం తెలివయ్యా నీది! మూగబొమ్మకి మాటలా! ఈ ఊళ్లో ఎవడికైనా తట్టిందా?"

"అనాక్లేతోగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. బొమ్మ వాయిదా వెయ్యండి."

అనాక్లేతో గంతులాపి కళ్లు చిట్లించాడు. "వాయిదానా? ఓహో. పక్క వీధి హాలువాడు నిన్ను కొనేశాడా?"

"ఛ ఛ, అది కాదండీ..."

"నాకు తెలుసులే!" అని అనాక్లేతో యంత్రం గదికి తాళం వేసి, తాళంచెవి కోటు లోపలి జేబులో పడేసుకున్నాడు. ఇంకో గంటలో డప్పువాడు వీధివీధీ తిరుగుతున్నాడు. "ఇవాళ సాయంత్రం ఎస్మెరాల్దాలో మూగబొమ్మ మాట్లాడును! నటులు నిజంగా ఏమన్నారో విని తరించండహో!"

ఆ డప్పు మోత ఇంటికి కూడా వినిపించింది. ఒలెగారియో వచ్చేసరికి యుడోక్సియా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇవాళ నువ్వు రాకపోతేనే మంచిదే," అన్నాడు నీరసంగా.

"ఎందుకు రాకూడదు? ఆ ఇదలీనాతో చెట్టు కింద ఏం గొణిగావో నాకు తెలియకూడదనా?"

"ఒట్టు, ఏమీ అనలేదే!"

"మరెందుకలా వణుకుతున్నావ్?"

అతను చెంప తడుముకున్నాడు. గడ్డం కూడా గీయించుకోలేదని అప్పుడే గుర్తొచ్చింది.

సాయంత్రానికి హాల్లో చీమ దూరే సందు లేదు. బడి పిల్లలు ముందు వరసలో చేతులతో ముచ్చట్లాడుకుంటున్నారు. పెర్పెతువా ఫాదర్ గారి పక్కన గుండె పట్టుకుని కూర్చుంది. అనాక్లేతో భార్య బాల్కనీలోని పై గదిలో దంతపు విసనకర్ర విసురుకుంటోంది. ఒలెగారియో హాలు చివర గుమ్మం పరదా చాటున నిలబడితే, యుడోక్సియా పారిపోకుండా అతని మోచెయ్యి పట్టుకుంది. దీపాలు ఆరాయి. పియానో మొదలైంది.

చెట్టు కింద ప్రేమ దృశ్యం వచ్చింది. ఒలెగారియో పెదవులు ఇదలీనా చెవి దగ్గర తెరంత పెద్దవయ్యాయి. యుడోక్సియా గోళ్లు అతని చేతిలోకి దిగాయి. లియోపోల్దీనా వేళ్లు చకచకా కదిలాయి. క్లోతిల్దే ఒక్క క్షణం తటపటాయించి, పంతులమ్మ గొంతుతో పైకి చదివింది.

"కాలు తియ్యవే తల్లీ, నా బొటనవేలు చితికిపోతోంది. అన్ని ఉల్లిపాయలు ఎవడు తినమన్నాడు నిన్ను?"

తెర మీద పలక వచ్చింది. "నీ ఊపిరి మల్లెల గాలి!"

హాలు ఒక్కసారి ఘొల్లుమంది. యుడోక్సియా గోళ్లు సడలాయి. "ఇంతేనా?" అంది, కొంచెం నిరుత్సాహంగా కూడా.

ఒలెగారియోకి మాత్రం నవ్వు రాలేదు. తర్వాత రావలసింది మంచం. వచ్చింది. మోకాళ్ల మీద పడ్డాడు. చెంపల మీద కన్నీళ్లు మెరిశాయి. క్లోతిల్దే ముసలి గుమ్మడికాయ దగ్గర్నుంచి పాతిపెట్టడం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివింది.

పెర్పెతువా గుండె నొప్పి మరిచి లేచి నిలబడింది. "గుమ్మడికాయా? ఒరేయ్ అల్లుడూ! ఎక్కడున్నావురా! ఫాదర్ గారూ, విన్నారా? ప్రాణం పోయేదాన్ని పట్టుకుని..."

లియోపోల్దీనా చటుక్కున చెయ్యెత్తి తెర వైపు చూపించింది. అక్కడ శవం ముఖం దగ్గరగా వచ్చింది. శవం పెదవులు కూడా కదులుతున్నాయి.

"చీమ కుడుతోంది, తొందరగా ఏడవరా వెధవా," అని చదివింది క్లోతిల్దే. "నీకు కాక ఆ మందుల షాపువాడికిచ్చుంటే నా కూతురు సుఖపడేది."

పెర్పెతువా ముసుగు ముఖం మీదికి లాక్కుని మెల్లగా కూర్చుంది. "నాకు ఒంట్లో బాగాలేదు ఫాదర్, డాక్టర్ కూడా అన్నాడు," అంది. ఫాదర్ గారు చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఉండటం వల్ల ఏమీ అనలేకపోయారు.

కోర్టు దృశ్యం మొదలైంది. సంకెళ్లతో ఒలెగారియో జడ్జి ముందు చేతులు జోడించాడు. "బట్టతల దొంగా, బొమ్మ ఆడించమంటే వేషం అడుగుతావా? నీ హాల్లో నల్లులు నీకంటే నయం. అవి రక్తం తాగి ఊరుకుంటాయి," అని క్లోతిల్దే చదివింది.

"ఒలెగారియో!" అనాక్లేతో చేతికర్ర నేలకేసి కొట్టాడు. "రేపట్నించి నీ బొమ్మ కాదు, నీ ముఖం కూడా ఈ హాల్లో..."

అంతలో తెర మీద జడ్జి అనాక్లేతో సాక్షి ఇదలీనా వైపు గంభీరంగా వంగాడు. పలక "న్యాయానికి కళ్లు లేవమ్మా!" అంది. దాని వెనకే క్లోతిల్దే గొంతు వినిపించింది. "ఆదివారం మా ఆవిడ ఓలిందా ఊళ్లో చెల్లెలింటికి పోతుంది. చేపల కూర చేయిస్తాను, రారాదూ..."

పై గదిలో విసనకర్ర ఆగింది.

"కరెంటు పోయింది!" అని అరుస్తూ అనాక్లేతో వెలుగుకి అడ్డంగా పరిగెత్తాడు. కరెంటు పోలేదు. తెర మీద జడ్జి ముఖం మీదుగా అతని నీడ అటూ ఇటూ గెంతింది. "జరగవయ్యా! ఇంకా ఏమన్నాడో విననీ!" అని జనం కేకలేశారు. యంత్రం గది వైపు ఉరికాడు గాని, ఆట మొదలయ్యే ముందు పనివాళ్లను లోపల పెట్టి మళ్లీ తాళం వేసినవాడు తనే. కంగారులో తాళంచెవి ఏ జేబులో ఉందో దొరకలేదు.

తన నీళ్లూ నిప్పూ గాలీ అన్నీ అయిపోయాయనుకున్నాడు ఒలెగారియో. చివరి రీలు దాకా ఉండలేక వసారాలోకి వెళ్లి, చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. లోపల జనం బల్లలు బాదుతున్నారు. అది కోపమో మరొకటో అతనికి తెలియలేదు. గుండీల కొట్టు మాత్రం కళ్ల ముందు స్పష్టంగా కనిపించింది.

దీపాలు వెలిగాక లియోపోల్దీనా, క్లోతిల్దే అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. అతను లేచి, ఆ అమ్మాయికి కనిపించేలా నోరు బాగా తెరిచి, "తప్పైపోయిందమ్మా," అన్నాడు.

అమ్మాయి వేళ్లు కదిలాయి. నవ్వి నవ్వి పంతులమ్మ గొంతు బొంగురుపోయింది. "రేపు కూడా రావచ్చా అని అడుగుతోందండీ. ఇంతమంది తను ఏం చెప్తుందా అని ఎదురుచూడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారిట."

రేపే కాదు, ఆ నెల్లాళ్లూ వచ్చింది. తెర పక్కన ఆమెకు వెల్వెట్ కుర్చీ వేయించారు. చూసినవాళ్లే మళ్లీ చూశారు, పక్క ఊళ్ల నుంచి పడవల్లో వచ్చారు. పెర్పెతువా బజార్లో గర్వంగా "నేనే ఆ గుమ్మడికాయని" అని చెప్పుకుంది. అనాక్లేతో నెల్లాళ్లూ హాల్లోనే పడుకున్నాడు. ఇంట్లోకి రానివ్వలేదని కొందరన్నారు గాని, అతను మాత్రం రద్దీ వల్లేనన్నాడు.

ఆ అనుభవంతో బుద్ధి తెచ్చుకున్న ఒలెగారియో నాలుగో బొమ్మలో ప్రతి నటుడిచేతా మర్యాదైన మాటలే పలికించాడు. అది రెండో రోజుకే ఎత్తేశారు.